డిక్రీ వచ్చి పది నెలలైనా పైసా రాలేదంటే: రాజోలు చెల్లెమ్మకు ఈపీ గురించి వివరంగా

చెల్లెమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. కువైట్‌లో ఇళ్లలో పనిచేసి దాచుకున్న దాంట్లోంచి 1,80,000 రూపాయలు పక్క ఊరి కొబ్బరి వ్యాపారికి నోటు మీద ఇచ్చారు. నోటు మీద అతనితోపాటు అతని బావమరిది కూడా జామీనుగా సంతకం పెట్టాడు, ఆయన గవర్నమెంటు ఉద్యోగి. దావా వేస్తే ఇద్దరి మీదా డిక్రీ వచ్చింది. వడ్డీ, ఖర్చులు కలిపి 2,41,000. పది నెలలైనా రూపాయి రాలేదు. అడిగితే "కోర్టుకెళ్లావుగా, కోర్టునే ఇమ్మను" అంటున్నాడు. కోర్టు తనంతట తానే వసూలు చేయదా, అరెస్టు చేయిస్తే దారికొస్తాడా, ఏ పాపం ఎరగని బావమరిది జీతం మీద పడటం న్యాయమేనా, అప్పీలు వేశానంటున్నాడు కదా ఇక ఆగాల్సిందేనా... మీరు అడిగినవి ఇవి.

నేను కోనసీమలో ప్లీడరు గుమాస్తాగా చాలా ఏళ్లు పనిచేసి ఈమధ్యే మానేశాను. కోర్టు కాగితాల్లో నా చేతుల మీదుగా ఎక్కువగా నడిచినవి ఈపీలే, అంటే డిక్రీని అమలు చేయమని వేసే ఎగ్జిక్యూషన్ పిటిషన్లే. పిటిషన్ మాత్రం మీ ప్లీడరుగారే వేయాలి. ఆయన దగ్గరికి ఏం పట్టుకెళ్లాలో, ఏది ముందు అడగాలో నేను చెప్తాను.

మొదటి ప్రశ్నకు జవాబు: చేయదమ్మా. డిక్రీ అంటే మీకు ఇంత రావాలని కోర్టు తేల్చడం. అంతవరకే. బాకీదారుకు ఎక్కడ ఏముందో కోర్టు వెతకదు. మీరు ఈపీ వేసి, ఫలానా చోట ఫలానా ఆస్తి ఉంది, దాని మీద నుంచి ఇప్పించండి అని అడగాలి. అడిగినదే కోర్టు చేస్తుంది. ఈ సంగతి ఎవరూ చెప్పక, డిక్రీ కాపీ బీరువాలో పెట్టుకుని ఎదురుచూసే వాళ్లు మన వైపు ఎంతమందో. డిక్రీకి పన్నెండేళ్ల గడువు ఉందన్న మాట నిజమే. కానీ ఆ ధైర్యంతో కూర్చుంటే పన్నెండేళ్లలో ఆస్తులు చేతులు మారిపోతాయి. మధ్యలో అతను పదివేలో ఇరవైవేలో ఇచ్చినా ఆ గడువు ముందుకు జరగదు. నోటు మీద చెల్లు వేస్తే గడువు పెరిగినట్టు డిక్రీకి పెరగదు. ఇంకోటి, డిక్రీ తేదీ నుంచి రెండేళ్లు దాటాక ఈపీ వేస్తే కోర్టు ముందుగా అవతలివాళ్లకు నోటీసు పంపి, ఎందుకు అమలు చేయకూడదో చెప్పమని అడగాలి. రెండేళ్ల లోపు వేస్తే మామూలుగా ఆ నోటీసు అక్కర్లేదు. మీకు పది నెలలే అయింది. ఈ నెలలోనే వేయించండి.

అప్పీలు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. అప్పీలు వేసినంత మాత్రాన డిక్రీ అమలు ఆగదు. పైకోర్టు స్టే ఇస్తేనే ఆగుతుంది. డబ్బు డిక్రీల్లో స్టే ఇచ్చినా సాధారణంగా కొంత మొత్తం కోర్టులో కట్టమనే షరతు పెడతారు. అసలు అప్పీలు గడువు ముప్పై రోజులు. పది నెలల తర్వాత వేస్తే ఆలస్యాన్ని మన్నించమని వేరే పిటిషన్ వేసి కారణం చూపించాలి. అప్పీలు నంబరు ఎంతో చెప్పమనండి. నంబరు చెప్పలేకపోతే అప్పీలు లేనట్టే అనుకోండి. నిజంగా వేస్తాడేమోనని భయముంటే మీ ప్లీడరుగారితో కేవియట్ వేయించండి. అది తొంభై రోజులు పనిచేస్తుంది. ఆలోపు మీకు చెప్పకుండా స్టే తెచ్చుకోవడం కుదరదు.

ఇక అసలు పని. ప్లీడరుగారి దగ్గరికి వెళ్లే ముందు మీరు కూర్చుని ఒక కాగితం మీద ఆ ఇద్దరి ఆస్తిపాస్తులు రాయండి. ఊళ్లో అందరికీ తెలిసినవే ఉంటాయి గానీ కోర్టుకు "ఊరి చివర తోట" అంటే చాలదు. సర్వే నంబరు, ఎన్ని సెంట్లు, నాలుగు వైపుల హద్దులు కావాలి. మీభూమి వెబ్‌సైట్‌లో అడంగల్, 1బి అనే భూమి రికార్డులు చూడొచ్చు. రిజిస్ట్రేషన్ శాఖలో ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రం, తీయించండి, దావా వేయడానికి కనీసం మూడు నాలుగేళ్ల ముందు నుంచి. అందులో తోట మీద బ్యాంకు తాకట్టు ఉందా, ఈమధ్య భార్య పేరునో కొడుకు పేరునో రాసిచ్చాడా అన్నది తెలిసిపోతుంది. ఇంటి పన్ను ఎవరి పేరు మీద ఉందో పంచాయతీలో కనుక్కోండి. వ్యాపారం ఏ బ్యాంకులో నడుపుతున్నాడో మీరు ఇచ్చిన డబ్బు ఏ ఖాతాకు వెళ్లిందో చూస్తే తెలుస్తుంది. మీరు రాసిన దాని ప్రకారం అతనికి ఊళ్లో 70 సెంట్ల కొబ్బరితోట, సొంత ఇల్లు, అద్దె గోదాములో సరుకు, వశిష్ఠ అవతల నరసాపురం వైపు అరెకరం చెరువు ఉన్నాయి. బావమరిదికి జీతం ఉంది. ఇంత కనబడుతున్నప్పుడు మీ డబ్బు రాదనే టెన్షన్ పెట్టుకోకండి. ఏ ఆస్తీ కనబడని వాడి మీద డిక్రీ తెచ్చుకున్నవాళ్లదే నిజమైన కష్టం.

అతను ఆస్తులు దాచాడని అనుమానం ఉంటే ఒక దారి ఉంది, దాన్ని వాడుకునేవాళ్లు తక్కువ. డిక్రీ డబ్బు ముప్పై రోజులు దాటినా కట్టకపోతే, నీ ఆస్తులన్నీ అఫిడవిట్ మీద రాసివ్వు అని బాకీదారును ఆదేశించమని కోర్టును అడగొచ్చు. ఇది సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 21 రూల్ 41. ఆదేశించాక కూడా ఇవ్వకపోతే మూడు నెలల దాకా సివిల్ జైలుకు పంపే అధికారం కోర్టుకుంది. తప్పుడు అఫిడవిట్ ఇస్తే దాని చిక్కులు వేరే.

ఇప్పుడు బావమరిది. మీకు మనసు ఒప్పడం లేదని రాశారు. మీ మంచితనం అర్థమైంది కానీ చెల్లెమ్మా, ఆయన సంతకం చూసే మీరు డబ్బు ఇచ్చారు కదా. చట్టంలో జామీనుదారు బాధ్యత అసలు బాకీదారు బాధ్యతతో సమానం. ముందు వ్యాపారి దగ్గర ప్రయత్నించి, అది కుదరకపోతేనే ఆయన దగ్గరికి రావాలన్న నియమం లేదు. మీ డిక్రీలో "ఇద్దరూ కలిసి గానీ విడివిడిగా గానీ" చెల్లించాలని ఉంటుంది, ఒకసారి చూసుకోండి. ఆయన కట్టాక ఆ మొత్తాన్ని తన బావ దగ్గర రాబట్టుకునే హక్కు ఆయనకు ఉంటుంది. ఆ భారం వాళ్ల కుటుంబంలో వాళ్లు పడాల్సింది, కువైట్‌లో చాకిరీ చేసి వచ్చిన మీరు కాదు. నా సలహా అయితే మొట్టమొదటి ఈపీ జీతం మీదే వేయండి. మీ కేసులో దీనంత ఖాయమైన దారి ఇంకోటి లేదు.

జీతం జప్తు ఎలా జరుగుతుందో లెక్కతో చెప్తాను. ప్రభుత్వం మినహాయించిన అలవెన్సులేవైనా ఉంటే ముందు పక్కన పెడతారు. మిగిలిన జీతంలో మొదటి వెయ్యి రూపాయలు ముట్టుకోరు. ఆ పైన ఉన్నదాంట్లో మూడింట రెండు వంతులు ఉద్యోగికి వదిలేసి, ఒక వంతు పట్టుకుంటారు. ఉదాహరణకు లెక్కలోకి వచ్చే జీతం 46,000 అనుకోండి. వెయ్యి తీసేస్తే 45,000. అందులో మూడో వంతు 15,000. నెలనెలా అంత కోర్టుకు వస్తుంది. మీ 2,41,000కి పదహారు, పదిహేడు నెలలు పడుతుంది. ఒకే డిక్రీ కింద ఒక ఉద్యోగి జీతాన్ని మొత్తం ఇరవై నాలుగు నెలలకు మించి పట్టుకోవడానికి లేదు, కాబట్టి మీ లెక్క గడువులోపే తీరిపోతుంది. అంతకంటే పెద్ద బాకీ అయితే మిగిలినదానికి తోట వైపు వెళ్లాలి.

కోర్టు ఆర్డరు ఆయన ఆఫీసులో జీతాలు డ్రా చేసే అధికారికి వెళ్తుంది. ఆ అధికారి వేరే జిల్లాలో ఉన్నా ఇదే కోర్టు పంపొచ్చు, డిక్రీ బదిలీ చేయాల్సిన పని లేదు. ఆ అధికారి ప్రతినెలా కోత పెట్టి కోర్టుకు పంపాలి. పంపకపోతే ఆ సొమ్ముకు ఆయనదే పూచీ అవుతుంది. అందుకే ఈ ఆర్డరును ఆఫీసుల్లో తేలిగ్గా తీసుకోరు. అయితే డబ్బు కోర్టు ఖాతాలో పడిందని మీకు ఎవరూ కబురు పంపరు. రెండు మూడు నెలలకోసారి మీ ప్లీడరుగారి గుమాస్తాను అడిగి, ఎంత జమయిందో చూసుకుని, చెక్ పిటిషన్ వేసి తీసుకోవాలి.

ఇక్కడ రెండు విషయాలు ముందే కనుక్కోండి. ఒకటి, బావమరిది జీతం మీద ఇప్పటికే వేరేవాళ్ల అటాచ్‌మెంట్ ఉందా. ఉంటే మీ ఆర్డరు ఆ వివరాలతో తిరిగొస్తుంది, మీ వంతు వచ్చేదాకా ఆగాలి. రెండోది ఇంకా ముఖ్యం: ఆయన రిటైర్మెంట్ ఎప్పుడు? మన రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకు 2022 నుంచి అది 62 ఏళ్లు. జీతాన్ని జప్తు చేయొచ్చు గానీ పెన్షన్, గ్రాట్యుటీ, ప్రావిడెంట్ ఫండ్ జోలికి వెళ్లడానికి చట్టం ఒప్పుకోదు. రిటైర్మెంట్‌కు ఏడాదే ఉందనుకోండి, మీరు మొహమాటంతో ఆగిన ప్రతి నెలా ఒక కోత పోగొట్టుకున్నట్టే. ఈ ఒక్క కారణంతో చేతికందాల్సిన డబ్బు పోగొట్టుకున్నవాళ్లను చూశాను, వాళ్ల బాధ తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

జీతం ఈపీతోపాటే కొబ్బరితోట జప్తుకూ అడగండి. ఒకేసారి రెండు మార్గాల్లో అమలు కోరడానికి చట్టంలో అడ్డు లేదు. కోర్టు కావాలంటే ఒకదాని తర్వాత ఒకటి చూద్దామనొచ్చు, అది దాని ఇష్టం. తోట వేలం దాకా వెళ్లినా వెళ్లకపోయినా, జప్తు మాత్రం తొందరగా పడాలి. జప్తు ఆర్డరు పడి ప్రకటన జరిగాక అతను ఆ తోటను అమ్మినా, రాసిచ్చినా మీ డిక్రీ ముందు ఆ అమ్మకం చెల్లదు. ఇదే సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 64.

జప్తు నాడు ఏం జరుగుతుందో చెప్తాను, ఎందుకంటే అది సరిగ్గా జరగకపోతే తర్వాత అవతలి ప్లీడరు దాన్నే పట్టుకుంటాడు. మీరు బట్టా (అమీనా వచ్చివెళ్లే ఖర్చు) కట్టాక కోర్టు అమీనా వారంటు పట్టుకుని వస్తారు. మీరో, మీ మనిషో వెంట వెళ్లి తోట చూపించాలి. హద్దులు కాగితంలో ఉన్నట్టే ఉన్నాయా అని అక్కడే సరిచూసుకోండి. తూర్పున పంట బోదె అని రాసి ఉంటే తూర్పున బోదె ఉండాలి. టముకు వేయించి, ఈ తోట కోర్టు జప్తులో ఉంది, అమ్మకూడదు, కొనకూడదు అని పదిమందీ వినేలా చాటిస్తారు. ఆర్డరు కాపీ ఒకటి అందరికీ కనిపించేలా గట్టు మీది కొబ్బరిచెట్టుకో గేటుకో అంటిస్తారు. ఇంకో కాపీ కోర్టు నోటీసు బోర్డుకు, ఇంకోటి పంచాయతీ ఆఫీసుకు, శిస్తు భూమి కాబట్టి ఒకటి కలెక్టర్ ఆఫీసుకు వెళ్తుంది. చుట్టుపక్కల ఇద్దరి చేత సాక్షి సంతకాలు తీసుకుంటారు. అంటించిన కాగితం కనబడేలా ఫోన్‌లో ఫొటో తీసుకోండి. జప్తు సమాచారం సబ్‌రిజిస్ట్రారు ఆఫీసుకు కూడా పంపమని పిటిషన్‌లోనే అడగమనండి. అది ఈసీలో కనబడితే ఇంక ఎవడూ ఆ తోటకు బయానా ఇవ్వడు. నేను చూసినంతలో, ఊళ్లో టముకు మోగిన వారంలోపే సగంమంది బాకీదార్లు మాట్లాడుకుందాం రమ్మని కబురు పెడతారు. డిక్రీ వచ్చిందని ఊరికి తెలియదు గానీ, చెట్టుకు అంటించిన కాగితం దింపు కార్మికుల నుంచి పొరుగు రైతుల దాకా అందరూ చదువుతారు.

జప్తు పడ్డాక ఒక్క జాగ్రత్త. ఈపీ వాయిదాలకు మీ తరఫున ఎవరూ హాజరుకాక అది కొట్టేస్తే, కోర్టు ప్రత్యేకంగా ఉంచమని చెబితే తప్ప జప్తు కూడా దాంతోపాటు పోతుంది. మళ్లీ మొదటికి రావాలి, ఆలోపు తోట చేతులు మారిపోవచ్చు. అందుకని ప్రతి వాయిదా తేదీ మీ ఫోన్‌లో పెట్టుకోండి. ఈ-కోర్ట్స్ యాప్‌లో కేసు నంబరు కొట్టి మీరే చూసుకోవచ్చు.

వేలం దాకా వెళ్తే చాలా మెట్లున్నాయి. వేలం ప్రకటన షరతుల మీద అతనికి నోటీసు ఇవ్వాలి, ప్రకటన అంటించాక కనీసం పదిహేను రోజులు ఆగాలి, పాడుకున్నవాడు నాలుగో వంతు వెంటనే, మిగిలింది పదిహేను రోజుల్లో కట్టాలి. వేలం జరిగిన రోజు నుంచి అరవై రోజుల దాకా బాకీదారుకు ఇంకో అవకాశం ఉంటుంది. డిక్రీ మొత్తం, దాంతోపాటు కొనుగోలుదారుకు వేలం ధరలో ఐదు శాతం కలిపి కోర్టులో కట్టేస్తే వేలం రద్దు చేయించుకోవచ్చు. ఇంకో సంగతి, బాకీ తీరడానికి ఎంత చాలో అంత భూమే అమ్మాలి. మీ రెండున్నర లక్షలకు 70 సెంట్లూ వేలానికి పెడితే రేపు ఆ వేలం నిలవదు. పిటిషన్‌లోనే తోటలో ఫలానా వైపు ఇన్ని సెంట్లు అని విడగొట్టి చూపించమనండి. మీరే పాడుకుందామనుకుంటే ముందుగా కోర్టు అనుమతి తీసుకోవాలి, లేకుండా పాడకూడదు.

నరసాపురం వైపు చెరువు గురించి. పంటులో గోదావరి దాటితే అవతలి ఒడ్డే గానీ కోర్టు పరిధి వేరు. ఆ భూమిని జప్తు చేసే అధికారం రాజోలు కోర్టుకు లేదు. డిక్రీని నరసాపురం కోర్టుకు బదిలీ చేయించుకుని అక్కడ ఈపీ వేయాలి. అది అతని భార్యకు పుట్టింటివాళ్లు పసుపు కుంకుమల కింద ఇచ్చినదైతే ఆమె సొంత ఆస్తి, ఈ డిక్రీకి దొరకదు. అందుకే దాన్ని చివర పెట్టుకోండి. తోట విషయం అలా కాదు. దావా నోటీసు అందాక భార్య పేరున గిఫ్టు డీడ్ రాసినట్టు ఈసీలో కనబడితే, అప్పు ఎగ్గొట్టడానికి రాసిన దస్తావేజు అని సవాలు చేయడానికి ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 53 ఉంది. కొంచెం పోరాటం, కానీ తేదీలే మీ సాక్ష్యం.

ఇల్లు జప్తు చేయించొచ్చా అని చాలామంది అడుగుతారు. వ్యవసాయం చేసుకునే రైతు లేదా కూలీ తాను కాపురముంటున్న ఇంటిని జప్తు చేయడానికి వీల్లేదు. మీ వ్యక్తి వ్యాపారి, అయినా తోట ఉంది కాబట్టి నేనూ రైతునే అంటాడు. ఆ వాదన మీద ఏడాది గడుస్తుంది. తోట ఉండగా ఇంటి జోలికి వెళ్లొద్దని నా మాట. సామాను కూడా అంతే. బట్టలు, వంటపాత్రలు, పరుపులు, ఆనవాయితీ ప్రకారం ఆడవాళ్లు తీయకూడని నగలు ముట్టుకోకూడదు. మిగిలిన టీవీ, మంచాలు తెచ్చి వేలం వేస్తే అమీనా ఖర్చులు కూడా రావు. గోదాములో కురిడీ కొబ్బరి నిలవ చేశాడంటే మాత్రం అది వేరే లెక్క. ఆ సరుకుకు విలువ ఉంది, అంబాజీపేటలో కొనేవాళ్లున్నారు. కానీ అది అతనిదేనని, కమీషన్ మీద వేరేవాళ్లు పెట్టింది కాదని చూపించగలగాలి. అమీనా వచ్చే సంగతి ముందే పొక్కితే మీరు వెళ్లేసరికి గోదాము ఖాళీగా ఉంటుంది.

బ్యాంకు ఖాతా జప్తు కూడా అడగొచ్చు. బ్యాంకు అతనికి ఇవ్వాల్సిన డబ్బు అది, కాబట్టి కోర్టు బ్యాంకుకు నోటీసు ఇచ్చి మీకు మళ్లించగలదు. అతనికి బాకీ ఉన్న పెద్ద వ్యాపారుల మీదా ఇలాగే అడగొచ్చు. అయితే అతనిది ఓవర్‌డ్రాఫ్ట్ ఖాతా అయితే అందులో అతని డబ్బు ఉండదు, బ్యాంకు డబ్బే ఉంటుంది. అక్కడ మీకేం రాదు.

ఇప్పుడు అరెస్టు. ఈపీ అనగానే అందరూ అడిగేది ఇదే, ఎందుకంటే కోపం అంత ఉంటుంది. మీ కోపంలో తప్పు లేదు. కానీ డబ్బు కట్టలేదన్న ఒక్క కారణంతో ఎవరినీ జైల్లో పెట్టరు. 1980లో సుప్రీంకోర్టు జాలీ జార్జ్ వర్గీస్ కేసులో ఈ మాట గట్టిగా చెప్పింది: కట్టే స్తోమత ఉండి కూడా దురుద్దేశంతో ఎగ్గొడుతున్నాడని తేలాలి. దాన్ని నిరూపించాల్సింది మీరు. ముందు అతనికి నోటీసు వెళ్తుంది, వచ్చి సంజాయిషీ చెప్పుకుంటాడు, విచారణ జరుగుతుంది, మీరు బోనెక్కి సాక్ష్యం చెప్పాలి. గెలిచి జైలుకు పంపినా గరిష్ఠంగా మూడు నెలలు. అక్కడ అతని తిండి ఖర్చు మీరే కోర్టులో కట్టాలి. బయటికొచ్చాక అప్పు అలాగే ఉంటుంది, కానీ అదే డిక్రీ మీద మళ్లీ అరెస్టు చేయించడానికి వీల్లేదు. డబ్బు డిక్రీలో ఆడవాళ్లను అసలు అరెస్టు చేయకూడదు, అందుకే భార్య పేరున అప్పు చేసేవాళ్లు కొందరున్నారు. తోట, జీతం చేతికందేలా ఉన్నప్పుడు అరెస్టు ఈపీతో మొదలుపెట్టడం పొద్దు వృథా చేసుకోవడమే. జప్తులన్నీ అయ్యాక ఇంకా మొండికేస్తే అప్పుడు వేయండి. తోట ఆదాయం తింటూ కట్టడం లేదని చూపించడానికి అప్పటికి మీ దగ్గర కాగితాలు కూడా ఉంటాయి.

అతను "ఐపీ పెట్టేస్తా", అంటే దివాలా పిటిషన్ వేస్తా అని బెదిరించొచ్చు. మన వైపు ఆ మాట వినని అప్పులవాళ్లు లేరు. ఐపీ పిటిషన్ వేసినంత మాత్రాన బాకీ పోదు. అప్పులవాళ్ల జాబితాలో మీ పేరు పెడితే మీకు నోటీసు వస్తుంది. వెళ్లి, ఇతనికి తోట ఉంది, వ్యాపారం ఉంది, దివాలా కాదు అని ఎదురు చెప్పండి. వాయిదాకు వెళ్లకుండా ఇంట్లో కూర్చుంటేనే నష్టం. అతను ఐపీ పెట్టినా బావమరిది మీదున్న మీ హక్కు అలాగే ఉంటుంది.

పోలీసుల దగ్గరికి వెళ్లమని ఎవరైనా చెబితే వెళ్లకండి, సివిల్ డిక్రీ వసూలు చేయడం వాళ్ల పని కాదు. నలుగురు మనుషుల్ని వెంటేసుకుని అతని ఇంటి ముందుకు వెళ్లడం అంతకంటే ప్రమాదం. కేసు మీ మీదే తిరగబడుతుంది.

పెద్దమనుషుల్ని పెట్టి రాజీకి వస్తాడని నాకు అనిపిస్తోంది, ముఖ్యంగా జీతం ఆర్డరు బావమరిది ఆఫీసుకు చేరిన రోజు. రాజీకి ఒప్పుకోవడంలో తప్పులేదు. కొంత వడ్డీ వదిలి ఒకేసారి తీసుకోవడం మంచిదేనని నా అభిప్రాయం. డిక్రీ తర్వాత వడ్డీ మామూలు చేబదుళ్లకు ఏడాదికి ఆరు శాతానికి మించదు. మీ అసలు మీద నెలకు 900 రూపాయలే. ఆ 900 కోసం మూడేళ్లు తిరగడం కంటే ఇరవై వేలు తగ్గించి ముగించుకోవడం మేలు. కానీ రాజీ కోర్టు బయట మాటల మీద వద్దు. లోక్ అదాలత్‌లో పెట్టించండి. అక్కడ రాసుకున్న అవార్డు కూడా డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. వాయిదాల మీద కడతానంటే ఏ నెల ఎంత, ఒక్క వాయిదా తప్పితే మొత్తం ఒకేసారి కట్టాలి, అప్పటిదాకా తోట జప్తు ఉంటుంది అని రాయించండి. డిక్రీ వచ్చాక మీరు ఒప్పుకోకుండా దాన్ని వాయిదాల డిక్రీగా మార్చడానికి లేదు. అది మీ చేతిలో ఉన్న బలం, ఊరికే వదులుకోకండి.

చేతికి ఇచ్చిన డబ్బు ఎంత చిన్నదైనా రసీదు ఇచ్చి, ఆ సంగతి కోర్టులో నమోదు చేయించండి. నమోదు చేయకపోతే ఈపీ కోర్టు ఆ చెల్లింపును లెక్కలోకి తీసుకోదు. అతను కట్టింది కట్టలేదని చెప్పాల్సిన పరిస్థితి మీకు రాకూడదు, లేనిది కట్టానని చెప్పే వీలు అతనికీ ఉండకూడదు. ఫోన్‌పేలో వేయించుకుంటే ఇంకా నయం.

చిన్న మొత్తాలకు స్మాల్ కాజ్ దావా వేసి గెలిచినవాళ్లు ఇది చదువుతుంటే ఒక మాట. ఆ డిక్రీ మీద భూమిని వేలం వేసే అధికారం స్మాల్ కాజ్ కోర్టుకు లేదు. జీతం, ఖాతా, సామాను వరకే. భూమి మీదకు వెళ్లాలంటే డిక్రీని మామూలు సివిల్ కోర్టుకు బదిలీ చేయించుకోవాలి. ఇంకా దావా నడుస్తూ ఉన్నవాళ్లయితే, అవతలివాడు ఆస్తి అమ్మేయబోతున్నాడని ఆధారం దొరికిన వెంటనే తీర్పుకు ముందే జప్తు అడగండి. అప్పుడు పడిన జప్తు డిక్రీ తర్వాతా పనికొస్తుంది.

ఎంత కాలం పడుతుందని అడిగారు. ఈపీలను ఆరు నెలల్లో తేల్చాలని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది, 2025 మార్చిలో మళ్లీ చెప్పింది. వాస్తవంగా జీతం ఈపీ త్వరగానే కదులుతుంది, భూమి వేలం ఏడాది దాటుతుంది, ఆ ఆస్తి మాదంటూ ఎవరైనా క్లెయిమ్ పిటిషన్లు వేస్తే ఇంకా ఎక్కువ. వాయిదాలు అనవసరంగా జరుగుతుంటే ఆ తీర్పులను చూపించి తొందరగా తేల్చమని మెమో వేయమని మీ ప్లీడరుగారిని అడగండి.

ప్లీడరుగారి దగ్గరికి వెళ్లేటప్పుడు డిక్రీ సర్టిఫైడ్ కాపీ, ఈసీ, అడంగల్, 1బి, బావమరిది హోదా, ఆఫీసు చిరునామా, రిటైర్మెంట్ నెల, మీరు రాసుకున్న ఆస్తుల కాగితం తీసుకెళ్లండి. మొత్తం వసూలయ్యాక, బాకీ తీరిందని చెప్పే ఫుల్ సాటిస్‌ఫాక్షన్ మెమో మీరే వేయించి, తోట జప్తు ఎత్తివేసినట్టు సబ్‌రిజిస్ట్రారుకు ఆర్డరు పంపించండి. బావమరిది ఆఫీసుకు కూడా కోత ఆపమని అదే రోజు ఆర్డరు వెళ్లేలా చూడండి, లేకపోతే మర్నాటి నెల జీతంలోంచి ఇంకో పదిహేను వేలు పోయి, అది ఆయనకు తిరిగి రావడానికి మళ్లీ ఒక పిటిషన్ కావాలి.